వైమానికదళ ప్రథమ భారతీయాధిపతి సుబ్రతో ముఖర్జీగారు

విద్యాదాతలయు, ధర్మనిరతులయు, సంఘసేవకులయు జీవితములను వార్షిక మహాసభా సంచికయందు ప్రకటించుట పరిపాటి. ఈ వత్సరము మేము మన కులమునకును, మన భాషకును, మన ప్రాంతమునకును చెందని యొక వంగదేశీయుని చరిత్రమును చదువరుల యెదుట నుంచ సాహసించుచున్నాము. ఇందులకు కారణము లేకపోలేదు. గడ్డిఅన్నారము, దిల్‌సుఖ్‌నగరు, లాల్‌బహదూర్‌నగరు ప్రాంతములయందలి మన కుటుంబముల బాలబాలికలు నేడు వైద్యవిద్యను, యంత్రవిద్యను, కంప్యూటరు విద్యను శ్రద్ధతో నభ్యసించుచున్నారు. కాని మన నగరమునకు వాయవ్యదిశను దుండిగల్లునందు దేశమునకెల్ల వైమానికాధికారులను తయారుచేయు అకాడమీ యుండగా, ఆ త్రోవ దొక్కవలయునను తలంపు మనలో కొలదిమందికే కలుగుచున్నది. ఆ విద్యాలయమునకు మూలమైన దళమెట్లు పుట్టినదో, దానిని తమ కాళ్ళపై నిలువబెట్టినవారెవరో తెలిసికొనుట మన యువజనులకును, వారి చదువులకు ద్రవ్యసహాయము చేయు పోషకులకును ఉపయోగకరమని మా నమ్మకము.

ముందుగా మన హైదరాబాదునకు సంబంధించిన యొక విషయమును మనవిచేయవలసియున్నది. మొదటి ప్రపంచయుద్ధకాలమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ప్రభువు ఇచ్చిన ద్రవ్యముతో బ్రిటిషు వైమానికదళమునకు డి.హెచ్.9ఏ అను బాంబువిమానములు సమకూడెను. 1918 సెప్టెంబరు నెలయందు ఫ్రాన్సు దేశమునకు జేరిన 110వ స్క్వాడ్రనునకు హైదరాబాదు అను పేరు ఈ దానమువలననే కలిగినది. రెండవ యుద్ధకాలమున 152, 253 సంఖ్యలుగల దళములును అట్లే మన సంస్థానము పేరు దాల్చి, 1940వ సంవత్సరమున ఇంగ్లండు దేశమును గాపాడుటకై జరిగిన ఆకాశయుద్ధమున పాల్గొనెను. ధనము మనది, పేరును మనదే. కాని 1918లో ఆ విమానములను నడుపు విద్యయు, నడుపుడని యాజ్ఞాపించు నధికారమును ఆంగ్లేయుల హస్తగతములై యుండెను. ధనమున్నచో విమానములను కొనవచ్చును. విమానదళమును మాత్రము కొనజాలము. దానిని మనుష్యులతో నిర్మించుకొనవలయును. ఈ సత్యమును తమ యావజ్జీవమున ఆచరించి చూపినవారు సుబ్రతో ముఖర్జీగారు.

ముఖర్జీగారు 1911వ సంవత్సరము మార్చి 5వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. తండ్రి సతీశచంద్ర ముఖర్జీగారు ఇండియను సివిలు సర్వీసునకు చెందిన ఉన్నతోద్యోగి. తల్లి చారులతాదేవిగారు. మాతామహులు ప్రసన్నకుమార రాయిగారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రధానాధ్యక్షపదవి నలంకరించిన ప్రథమ భారతీయులు. నలుగురు సంతానములో సుబ్రతోగారే కడగొట్టువారు. అక్కగారైన రేణుకారాయిగారు తరువాతి కాలమున పార్లమెంటు సభ్యురాలై ప్రసిద్ధిగాంచిరి. ఇట్లు విద్యకును, సంస్కారమునకును, లోకసేవకును పేరొందిన యింట ఆయన పెరిగిరి.

ఆ యింట వైమానికవిద్యపై మక్కువ కలుగుటకు వేరొక కారణమును గలదు. ఇంద్రలాల్ రాయి యను యువకుడు సుబ్రతోగారికి మేనమామ వరుస. ఆయన మొదటి యుద్ధమున బ్రిటిషు విమానచోదకుడై, 1918 జూలై నెలలో పదుమూడు దినముల వ్యవధిలో పది శత్రువిమానములను గూల్చి, ఆ నెల 22వ తేదీన పందొమ్మిదేండ్ల ప్రాయమున రణరంగమున నిహతుడయ్యెను. అప్పటికి సుబ్రతోగారు ఏడేండ్ల బాలుడు. భారతీయులు ఆకాశయుద్ధమునకు తగరని వాదించువారికి ఇంద్రలాలు జీవితమే చాలిన ప్రత్యుత్తరము. అయినను ఒకరి పరాక్రమముచే దళ మేర్పడదు.

భారతీయులకు సైన్యమున ఉన్నతాధికారపదవులు ఈయవలయునను ఆందోళనము నాడు శాసనసభలలో ముమ్మరముగా సాగుచుండెను. ఆ విషయమును విచారించుటకై 1925లో నియమింపబడిన స్కీన్ సంఘము, ఇంగ్లండునందలి క్రాన్‌వెల్ వైమానిక కళాశాలయందు భారతీయ యువకులకు ప్రవేశము కల్పింపవలసినదని సిఫారసు చేసెను. తత్ఫలితముగా 1930లో ఎన్నుకొనబడి సముద్రము దాటిన తొలిజట్టులో ముఖర్జీగారు ఒకరు. రెండేండ్ల శిక్షణానంతరము 1932 అక్టోబరు 8వ తేదీన భారత వైమానికదళము శాసనరీత్యా స్థాపింపబడినది. ఆ దినముననే ముఖర్జీగారికిని, వారి సహాధ్యాయులకును అధికారపత్రములు లభించెను. నేటికిని ప్రతివర్షము అక్టోబరు 8వ తేదీని వైమానికదళ దినోత్సవముగా జరుపుట చదువరులు ఎరిగినదే.

ఆ దళము పుట్టిననాటి స్థితిని విన్నచో చదువరులకు ఆశ్చర్యము కలుగకమానదు. 1933 ఏప్రిల్ 1వ తేదీన కరాచీ చేరువనున్న డ్రిగ్‌రోడ్డునందు ఒకటవ స్క్వాడ్రను ఏర్పడెను. పేరునకు స్క్వాడ్రనేగాని వాస్తవమున నది యొక చిన్న జట్టు. వెస్ట్‌లాండ్ వాపితి యను రెండు రెక్కలంతస్తుల పాతరకపు విమానములు నాలుగు. భారతీయ చోదకులు అయిదుగురు. సామగ్రి వ్యవహారములను జూచు అధికారి యొకరు. విమానములను విప్పి, శుభ్రపరచి, మరల బిగించు హవాయిసిపాయిలు పందొమ్మిదిమంది. వారిపై నధికారియు, శిక్షకులును ఆంగ్లేయులు. కొద్దికాలమునకే ఆ అయిదుగురు చోదకులలో నిద్దరు విమానప్రమాదమున మరణించిరి. భారతీయులకు ఈ విద్య యబ్బదని పెదవి విరిచిన దొరలు నాడు పలువురుండిరి. ఒక్కొక్క ప్రమాదమును వారు తమ వాదమునకు సాక్ష్యముగా గైకొనుచుండిరి. కావున ముఖర్జీగారును, మిగిలిన వారును తమ ప్రాణములను మాత్రమేగాక, తమ జాతి ప్రతిష్ఠను కూడ రెక్కలపై మోయవలసివచ్చెను.

హవాయిసిపాయిలను గూర్చి మేము కొంచెము విస్తరించి చెప్పదలచితిమి. విమానమును ఎగిరించువాడు లోకమునకు కనబడును. దానిని ఎగురుటకు యోగ్యముగా నుంచువాడు కనబడడు. చోదకుడెంత నిపుణుడైనను, యంత్రమునందలి యొక చిన్న మేకు వదులైనచో వాని నైపుణ్యము నిష్ఫలము. లాహోరునందు ఇంజనీరింగు చదివిన హర్జీందర్‌సింగ్ అను యువకుడు అధికారపదవి దొరకని యా దినములలో సామాన్య హవాయిసిపాయిగా చేరి, స్వహస్తములతో యంత్రములను బాగుచేయుచు, ఒకటవ స్క్వాడ్రనునకు ఆయువుపట్టయ్యెను. ఇట్టివారి విలువను మొదటినుండియు గుర్తించినవారు ముఖర్జీగారు. ఆ సిపాయియే కాలక్రమమున ఎయిర్ వైస్ మార్షలై కాన్పూరునందలి మెయింటెనెన్స్ కమాండునకు అధిపతి యగుట భారత వైమానికదళ చరిత్రమున నొక యుజ్జ్వలఘట్టము.

1936లో రెండవ ఫ్లయిటును, 1938లో మూడవ ఫ్లయిటును చేరుటతో స్క్వాడ్రను పూర్ణరూపము దాల్చెను. వాయవ్య సరిహద్దున వజీరిస్థాను కొండలలో మీరన్‌షా స్థావరమునుండి యుద్ధయాత్రలు సాగుచుండెను. ఆ కొండలలో యంత్రము ఆగినచో విమానము దిగుటకు చదునైన నేలయైనను దొరకదు. దిగి బ్రతికినను కొండజాతులచేతిలో పడు భయము గలదు. 1940లో ఒక కాల్బలపు కావలిగుంపు శత్రువులచే ముట్టడింపబడి, గుండ్లు చెల్లి, ఆపదలో చిక్కుకొనెను. పైనుండి ఆ సంగతిని గ్రహించిన ముఖర్జీగారు తమ వెనుకనున్న తుపాకిదారుచే మరతుపాకి గుండ్లను తీయించి, మేజోళ్ళలో గట్టించి, కాల్పులను లెక్కసేయక విమానమును క్రిందికి దించి, ఆ సైనికుల మధ్యన వానిని జారవిడిపించిరి. ఆ గుండ్లతో వారు నిలద్రొక్కుకొనిరి. ధైర్యమునకు సమయస్ఫూర్తి తోడైనపుడు కార్యసిద్ధి యెట్లు కలుగునో ఈ యుదంతము తెలుపుచున్నది.

ఇంతకు కొంచెము పూర్వమే, 1939 మార్చి 16వ తేదీన, ముఖర్జీగారు ఒకటవ స్క్వాడ్రనునకు నాయకులైరి. ఒక వైమానిక స్క్వాడ్రనును నడిపిన ప్రథమ భారతీయుడు ఆయనయే. ఆ సంవత్సరముననే మహారాష్ట్ర కుటుంబమునకు చెందిన శారదా పండిత్‌గారిని వివాహమాడిరి. 1941లో నాయకత్వమును మజుందారుగారికి అప్పగించి, క్వెట్టా స్టాఫ్ కళాశాలలో యుద్ధవ్యూహ విద్యను, దళనిర్వహణ విద్యను అభ్యసించిరి. 1943లో కోహాటు వైమానిక స్థావరమునకు అధిపతులై, స్థావరాధిపత్యము వహించిన ప్రథమ భారతీయులను ఖ్యాతిని గూడ పొందిరి. ఇట్లు ఆయన జీవితమున ప్రథమ శబ్దము పలుమారులు కానవచ్చును. అయితే ప్రథముడగుటయందు గౌరవముతోపాటు భారమును గలదు. ప్రథముడు తప్పటడుగు వేసినచో వెనుకవచ్చు వారందరికిని ద్వారము మూతపడును.

రెండవ యుద్ధమున ఆ చిన్న జట్టు మహాదళమయ్యెను. 1945 నాటికి తొమ్మిది స్క్వాడ్రనులును, సుమారు 28,500 మంది సిబ్బందియు గలిగి బర్మా రణరంగమున కీర్తి గడించెను. ఆ సంవత్సరమే దానికి రాయల్ అను బిరుదు లభించినది. 1950 జనవరి 26వ తేదీన దేశము గణతంత్రమైనపుడు ఆ బిరుదు విసర్జింపబడినది. మన బేగంపేటయందు యుద్ధకాలమున ప్రాథమిక వైమానిక శిక్షణాలయము నెలకొల్పబడి, పలుప్రాంతముల యువకులు మన హైదరాబాదు ఆకాశముననే తొలిసారిగా రెక్కలు విప్పిరని స్మరించుట మనకు సంతోషదాయకము.

1947లో స్వాతంత్ర్యముతోపాటు దేశవిభజనమును వచ్చెను. విమానములు, యంత్రసామగ్రి, సిబ్బంది రెండు రాజ్యములకును పంచబడెను. సుమారు మూడింట నొకవంతు పాకిస్థానునకు పోయెను. డ్రిగ్‌రోడ్డు, కోహాటు మొదలగు పాత స్థావరములన్నియు ఆవలివైపున నిలిచిపోయెను. పదునాలుగేండ్లు తాము నడయాడిన నేల ముఖర్జీగారికి పరదేశమయ్యెను. నిన్నటి సహచరులు నేడు వేరొక జెండా క్రింద నిలిచిరి.

అపుడొక క్లిష్టసమస్య యెదురయ్యెను. స్వతంత్రదేశపు వైమానికదళమునకు అధిపతి యెవరు కావలయును? భారతీయుడే కావలయునని హృదయము పలుకును. కాని భూసైన్యమున భారతీయాధికారులు మొదటి యుద్ధాంతమునుండియే యుండగా, వైమానికదళమున వారి ప్రవేశము 1932లో ఆరంభమైనది. అందరికంటె సీనియరగు ముఖర్జీగారికి నాటికి ముప్పదియారేండ్ల వయస్సు, పదునైదేండ్ల యనుభవము మాత్రమే. స్క్వాడ్రనును నడుపుట వేరు. దేశమంతట స్థావరములను నిర్మించుట, విమానములను ఎంచి కొనుట, విడిభాగములను నిలువచేయుట, ఆదాయవ్యయములను లెక్కించుట, వేలమందికి శిక్షణ యేర్పాటుచేయుట వేరు. 1947 ఆగస్టు 15వ తేదీన ఎల్మ్‌హర్స్ట్‌గారు అధిపతి యైరి. వారి పట్టుదలవలన వైమానికదళము భూసైన్యాధిపతి క్రింద నొక శాఖగా నుండక స్వతంత్రదళముగా నిలిచెను. తరువాత ఐవలా ఛాప్‌మన్‌గారును, గిబ్స్‌గారును ఆ పదవిని నిర్వహించిరి. ఈ మువ్వురి కాలమునను ముఖర్జీగారు ఉపాధిపతిగా పనిచేసిరి.

చదువరులు ఇచ్చట క్షణకాలము నిలిచి ఆలోచింతురుగాక. భూసైన్యమునకు 1949 జనవరి 15వ తేదీననే కరియప్పగారు ప్రథమ భారతీయాధిపతి యైరి. ముఖర్జీగారికి మాత్రము ఆ పదవి 1954 వరకు రాలేదు. స్వతంత్రదేశమున పరదేశీయుల క్రింద పనిచేయుట అభిమానవంతునకు సులభమైన పనికాదు. ఆయన ఆ సంవత్సరములను అసంతృప్తితో గడపక అధ్యయనమున గడిపిరి. నౌకాదళమున నిట్టి నిరీక్షణమే ఇంకను దీర్ఘమై, 1958లో మన తెలుగువారైన కటారి రామదాసుగారు ప్రథమ భారతీయాధిపతి యగుటతో ముగిసెను. పదవికొరకు తొందరపడుట, పదవికి తగినవాడగుట యను రెంటిలో రెండవదానిని వరించిన యీ మహనీయులు మన యువకులకు ఆదర్శప్రాయులు.

ఆ యేడేండ్లును పనిలేక గడచినవి కావు. 1947 అక్టోబరు 27వ తేదీన డకోటా విమానములు సైనికులను శ్రీనగరునకు జేర్చి కాశ్మీరమును రక్షించెను. 1948 సెప్టెంబరులో మన హైదరాబాదు సంస్థానమున జరిగిన సైనికచర్యయందును ఈ దళపు విమానములు పాల్గొనెను. యుద్ధానంతరము కాన్పూరునందు పాడువడియున్న లిబరేటరు అను నాలుగు యంత్రముల పెద్దవిమానములను బెంగుళూరు హిందూస్థాన్ విమానకర్మాగారమువారు బాగుచేసి, బాంబుదళమునకు 1948లో సమకూర్చిరి. పరులు పారవేసిన దానిని పనికి తెచ్చుకొనిన యా నేర్పు మన పేదదేశమునకు కొండంత ధైర్యము నిచ్చెను.

1954 ఏప్రిల్ 1వ తేదీన ముఖర్జీగారు సర్వాధిపత్యము వహించిరి. ఆనాడే రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు దళమునకు పతాకమును ప్రసాదించిరి. మరుసటి యేడు సేనాధిపతుల పదవీనామములు మార్పుచెంది, సర్వసేనాధిపత్యము రాష్ట్రపతియందే యుండునను సూత్రము ననుసరించి, ముఖర్జీగారు చీఫ్ ఆఫ్ ది ఎయిర్ స్టాఫ్ అను నామముతో వ్యవహరింపబడిరి.

దళనిర్మాణ క్రమమును తెలియగోరు చదువరులకై సంగ్రహముగా వివరించుచున్నాము. కొన్ని విమానములు చేరి ఫ్లయిటు, ఫ్లయిటులు చేరి స్క్వాడ్రను, స్క్వాడ్రనులను, స్థావరమును గూర్చి వింగు, వింగులన్నిటిపై కమాండు, కమాండులపై ఢిల్లీయందలి ప్రధానకార్యాలయము. 1949లో యుద్ధకార్యములకు ఆపరేషనల్ కమాండును, శిక్షణకు ట్రెయినింగ్ కమాండును ఏర్పడియుండెను. ముఖర్జీగారి కాలమున 1955లో యంత్రసంరక్షణకై మెయింటెనెన్స్ కమాండు వెలసెను. యుద్ధము చేయుట, నేర్పుట, బాగుచేయుట యను మూడును మూడు స్తంభములని ఈ యేర్పాటు చాటుచున్నది. నేడు దళమున ఏడు కమాండులు గలవు. అందు అయిదు యుద్ధకార్యములకును, రెండు శిక్షణ, సంరక్షణములకును వినియోగపడుచున్నవి.

ముఖర్జీగారి యధికారకాలము జెట్టుయుగమునకు ప్రవేశద్వారము. ఫ్రాన్సునుండి మిస్టేరు, ఇంగ్లండునుండి హంటరు, కాన్‌బెర్రా, నాటు మొదలగు విమానములు 1957 మొదలుకొని దళమున చేరెను. జెట్టువిమానము వచ్చుననగా కేవలము యంత్రము వచ్చుట కాదు. దానికి పొడుగైన రన్‌వేలు కావలయును; వేరువిధమగు నింధనము కావలయును; రాడారులు, క్రొత్త పనిముట్లు, వానిని తెలిసిన పనివాండ్రు కావలయును. పాత చోదకులు మరల విద్యార్థులు కావలయును. అతిస్వల్పకాలమున ఇన్ని మార్పులను దళము జీర్ణించుకొనుటకు, ముఖర్జీగారు వెనుకటి యేడేండ్లలో ఓపికతో వేసిన పునాదియే హేతువు. 1965లో యుద్ధము సంభవించినపుడు ఆకాశమున నిలిచినవి చాలవరకు ఆయన కాలమున చేరిన విమానములే.

ఆయన మితభాషి, మృదుస్వభావుడు, క్రీడాప్రియుడు. ఫుట్‌బాలు ఆటయం దాయనకు మిక్కుటమగు ప్రీతి. ఆటలు బడినుండియే ఆరంభము కావలయునను వారి తలంపు ఫలితముగా పాఠశాలల బాలురకు అఖిలభారత ఫుట్‌బాలు పోటీలు 1960లో ప్రారంభమయ్యెను. సుబ్రతో కప్పు అను పేర నవి నేటికిని జరుగుచున్నవి. చోదకులకైనను, ఆటగాండ్రకైనను చిన్ననాడే నాటు వేయవలయునను నొకే బుద్ధి యీ రెండు కార్యములయందును కానవచ్చుచున్నది.

1960 నవంబరు నెలలో ఎయిర్ ఇండియా విమానమున ముఖర్జీగారు టోక్యో నగరమునకు వెళ్ళిరి. 8వ తేదీన మిత్రునితో భోజనము సేయుచుండగా ఆహారపు ముక్క శ్వాసనాళమున నడ్డుపడి, వైద్యుడు వచ్చునంతలో ప్రాణములు పోయెను. కొండలలో తుపాకిగుండ్లకు చిక్కని వీరుడు ఇట్లు భోజనస్థలమున అస్తమించుట విధివిలాసమనక ఏమందుము! ఢిల్లీనగరమున సైనికగౌరవములతో దహనక్రియలు జరుగునపుడు, వారి నలువదితొమ్మిదేండ్ల వయస్సునకు గుర్తుగా నలువదితొమ్మిది విమానములు ఆకాశమున సాగి వందనమొనర్చెను. అధిపతి హఠాత్తుగా పోయినను దళము తడబడలేదు. డిసెంబరు 1వ తేదీన ఆస్పీ ఇంజనీరుగారు పదవిని స్వీకరించిరి. నిర్మాత లేనపుడును నిర్మాణము నిలుచుటకంటె నిర్మాతకు వేరు స్మారకచిహ్న మేల?

శారదాముఖర్జీగారు వైధవ్యదుఃఖమును దిగమ్రింగి ప్రజాసేవకు అంకితమైరి. 1962లో రత్నగిరి నుండి లోకసభకు ఎన్నికైరి. 1977 మే నెలనుండి 1978 ఆగస్టు వరకు మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు గవర్నరుగా హైదరాబాదు రాజభవనమున నివసించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఘోరమైన యుప్పెన వారి పాలనకాలముననే సంభవించినది. ఇట్లు ముఖర్జీగారి కుటుంబమునకు తెలుగుదేశముతో సంబంధమేర్పడినది. మనలో వయోవృద్ధులకు ఆ గవర్నరమ్మగారు జ్ఞప్తియందుండవచ్చును; ఆమె భర్తగారి చరిత్రము తెలిసినవారు మాత్రము అరుదు.

1967 అక్టోబరులో రాష్ట్రపతి జాకీర్‌హుస్సేనుగారు దుండిగల్లునందు వైమానిక అకాడమీకి శంకుస్థాపనము గావించిరి. 1971 జనవరినుండి అచ్చట శిక్షణ సాగుచున్నది. వెనుక క్రాన్‌వెల్ చేరుటకు సముద్రము దాటవలసివచ్చెను. నేడు గడ్డిఅన్నారమునుండి బయలుదేరిన విద్యార్థి నగరమును దాటిన చాలును. ఇంటర్మీడియేటు పిమ్మట నేషనల్ డిఫెన్సు అకాడమీ పరీక్షద్వారా గాని, పట్టభద్రులైన పిదప వైమానికదళమువారి పరీక్షద్వారా గాని ప్రవేశము కలుగును. 2016 జూన్ 18వ తేదీన ముగ్గురు యువతులు యుద్ధవిమాన చోదకులుగా ఆ దుండిగల్లునందే పట్టము పొందిరి. కావున ఆడుబిడ్డలకును ఈ మార్గము తెరచియున్నది.

మన పోషకమహాశయులకు మా విన్నపమొక్కటే. భవనములకును, విందులకును వెచ్చించునట్లే, ఈ పరీక్షలకు చదువు బీదవిద్యార్థులకు పుస్తకములు, శిక్షణరుసుములు, క్రీడావసతులు సమకూర్పుడు. విమానము బాగుచేయు పనివానిగా చేరదలచిన బాలుని తక్కువగా చూడకుడు. హర్జీందర్‌సింగుగారు అట్లే ఆరంభించిరని జ్ఞప్తియందుంచుకొనుడు. తలిదండ్రులారా, ఫలము ఆలస్యమైనదని మీ బిడ్డల ప్రయత్నమును మాన్పింపకుడు. నాలుగు పాతవిమానములతో మొదలైన పని మహాదళమగుటకు ఇరువది సంవత్సరములకు మించిన కాలము పట్టినది. వెనుక హైదరాబాదు ధనము పరుల దళమునకు పేరు తెచ్చినది. ఇకమీదట హైదరాబాదు బిడ్డలు మన దళమునకు పేరు తెత్తురుగాక యని కోరుచు, సుబ్రతో ముఖర్జీగారి పావనస్మృతికి మహాసభ పక్షమున నమస్కృతులర్పించుచున్నాము.